మూడో గడి

"జాలీల పత్త గట్లనే ఇడిసిపెడితే చీమలు పట్టయా?" అంటూ ఉప్పలమ్మ చాయ్ జాలీని కోడలి మొహం ముందు ఆడించింది.

"రాత్రి చాయ్ తాగింది ఎవ్వరు అత్తమ్మా?" టిఫిన్ డబ్బా మూత బిగిస్తూనే అడిగింది భాగ్య.

"నేనే తాగిన. ఒడపోసింది నువ్వు."

"ఒడపోసినోళ్లే కడగాలని ఏడ రాసున్నది?"

"నాకేం తెల్సు? గోడలకు కాయితాలు అంటిచ్చేదానివి నువ్వే గదా. గది గూడ రాసి పొయ్యి కాడ అంటియ్యి. చూసుకుంట కడుగుత."

అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న ఉప్పలమ్మ కొడుకు యుగేందర్ నవ్వబోయి, చెంప తెగుతుందని ఆగాడు. "నన్ను మాత్రం పంచాయితికి పిలువకుండ్రి. నేను రెండు కప్పులు తాగిన. తీర్పు తిరిగి తిరిగి నా మీదికే వస్తది."

ముందు నవ్వింది ఉప్పలమ్మే. అయినా జాలీని కడగకుండా గట్టు మీద పెట్టి వాకిట్లోకి పోయింది. భాగ్య దానివైపు ఒకసారి చూసి, తనూ పంతానికి వదిలేసి సంచి భుజాన వేసుకుంది. ఆ వారం ఆ ఇంట్లో నవ్వుతో ముగిసిన గొడవ అదొక్కటే.

మానుకోటకూ గార్లకూ మధ్య రోడ్డు పక్కనున్న ఆ ఊళ్లో జూనియర్ కాలేజీ అంటే నాలుగు గదులు, ఒక వరండా. భాగ్య అక్కడ అర్థశాస్త్రమూ వాణిజ్యశాస్త్రమూ చెప్పే గెస్టు లెక్చరర్. ఏటా జూన్‌లో ప్రిన్సిపాల్ పేరు రాసి పంపితేనే మళ్లీ పిలుపు. రాయకపోతే ఎందుకు రాయలేదని అడిగే దిక్కు ఉండదు.

ఆమె క్లాసు గోడకు ఒక చార్టు ఉంది. పైన ఎర్ర స్కెచ్‌తో 'మనం చూడదగిన వెబ్‌సైట్లు' అని పెద్దక్షరాలు. కింద ఒక్కో పేరు, దాని పక్కన అది దేనికి పనికొస్తుందో ఒక ముక్క. డిమాండు, సప్లై గీతలను వేలితో జరిపి చూసుకునేది ఒకటి. సర్కారు బడ్జెటును ముక్కలుగా కోసి బొమ్మల్లో చూపేది ఒకటి. పెద్ద కంపెనీల జమాఖర్చులు దొరికేది ఇంకొకటి. పేరు రాసేముందు ప్రతిదాన్నీ భాగ్య ఇంట్లో కూర్చుని తెరిచి చూసింది. సగంలో ఆగిపోయేవి, ప్రకటనలు మీద పడేవి, పిల్లల పేరూ ఊరూ అడిగేవి కొట్టేసింది. చివరికి మిగిలినవి కొన్నే. అన్నింటికంటే కింద, రోజూ ఏ మార్కెట్‌లో ఏ పంట ఎంత పలికిందో చెప్పే సర్కారు సైటు. దాని కింద 'అర్థం కాకపోతే అడగండి' అని తన ఫోన్ నంబరు.

ఆ ఆఖరి సైటు గోడ మీదికి ఎక్కింది మనీషా వల్ల. "సంపూర్ణ పోటీ ఉన్న మార్కెట్‌లో ధర గురించి కొనేవారికీ అమ్మేవారికీ పూర్తి సమాచారం ఉంటుంది" అని భాగ్య పాఠం చదువుతుంటే వెనక బెంచీ నుంచి ఆ పిల్ల లేచి, "గా మార్కెట్ ఏడుంటది మేడం? మా నాయినకు చెప్త, గాడికే పోతడు" అంది. క్లాసంతా నవ్వింది. భాగ్యా నవ్వింది. కానీ ఇంటికి వచ్చాక ఆ నవ్వు ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. మర్నాడే ఫోన్ తెరిచి ఖమ్మం, వరంగల్ మార్కెట్ల మిరప ధరలు పిల్లలకు చూపించింది. అప్పటినుంచి రోజుకొకరు వాటిని బోర్డు మూలన రాస్తున్నారు.

ఆ సైటులో ప్రతి పంటకూ మూడు గడులుంటాయి. అన్నిటికంటే తక్కువ పలికిన ధర, అన్నిటికంటే ఎక్కువ పలికిన ధర, ఆ తర్వాత మోడల్ ధర అని ఇంకొకటి. "మూడోది ఇప్పుడు వదిలెయ్యండి. బాహుళకం పాఠం వచ్చినప్పుడు చెప్తాను" అంది భాగ్య మొదటిరోజే. బాహుళకం పుస్తకంలో ఆఖరి యూనిట్‌లో ఉంది. పాఠాల వరస తప్పడం ఆమెకు ఇష్టం ఉండదు.

ఆ గురువారం బోర్డు మూల ఖాళీగా ఉంది. మనీషా వంతు. మనీషా కూర్చునే చోటూ ఖాళీగానే ఉంది.

"రాదు మేడం," మనీషా పక్కన కూర్చునే తారి లేచి నిలబడి బెంచీ అంచు గోకుతూ చెప్పింది. "నిన్న కాంట కాడ లొల్లయింది."

"ఏం లొల్లి?"

ఊళ్లో మిరప కొనే సోమనర్సయ్య సేటు తూకం కాంట దగ్గర ఒక మర్యాద ఉంది. బస్తా కాంట ఎక్కి దిగేదాకా ఎవరూ ధర అడగరు. అన్నీ తూగినాక సేటు రైతు భుజం మీద చెయ్యేసి వేపచెట్టు పక్కకు తీసుకుపోయి చెవిలో చెబుతాడు. నీకెంత పడింది అని ఒకరినొకరు అడుక్కోరు. అడిగితే ఇద్దరిలో ఒకరికి మనసు విరుగుతుంది, ఎందుకొచ్చిన తంటా అని ఊరుకుంటారు. ఎన్నేళ్లుగానో అట్లాగే నడుస్తున్నది.

"వాళ్ల నాయిన యోహాను మామ మొదటి బస్తా లేపేటప్పుడే ఇది ఫోన్ తీసి గట్టిగ చదివింది మేడం. ఇయ్యాల ఖమ్మంల ఇంత, వరంగల్ల ఇంత అని. అందరు ఇన్నరు. సేటు కోపం గూడ చెయ్యలే. నవ్విండు. 'గా ధర ఏ బస్తాకు పడ్డదో గా బస్తాను దొర్కవట్టి తేపో బిడ్డా' అన్నడు. యోహాను మామ బస్తాలన్ని దింపిచ్చిండు. 'మీ మేడం కొంటదేమో, ఆమె వాకిట్ల ఏసిరాపో' అన్నడు."

ఎవరో కిసుక్కుమని నవ్వి, ఎవరూ తోడు రాకపోయేసరికి ఆపేశారు.

"మనీషా ఎంతని చదివింది?" అని అడిగింది భాగ్య.

తారి చెప్పింది. వింటూనే భాగ్య చేతిలో సుద్ద ముక్క విరిగింది. అది రెండో గడిలో అంకె. మార్కెట్‌కు వచ్చిన వేల బస్తాల్లో ఎక్కడో ఒక రాశికి, తెల్లబారిన తాలు కాయ ఒక్కటి లేకుండా ఏరి, ఒక్క ఎండా తప్పకుండా ఎండబెట్టినదానికి పడ్డ ధర. మనీషా దాన్నే ధర అనుకుంది. అనుకోక ఏం చేస్తుంది? మూడోదాన్ని వదిలెయ్యమన్నది ఎవరు?

 పాఠం మొదలుపెట్టింది కానీ ఏం చెబుతున్నదో తనకే వినపడలేదు.

మధ్యాహ్నం ప్రభుదాస్ సార్ పిలిపించాడు. ప్రిన్సిపాల్ గదిలో ఆయన ఎదుట కూర్చున్న ప్రతిసారీ భాగ్య కుర్చీ అంచుమీదే కూర్చుంటుంది. ఆయన చెడ్డమనిషి కాదు. అందుకే ఆయన మెల్లగా మాట్లాడితే ఇంకా భయం.

"కాంపౌండు గోడ ఎవ్వరు కట్టిచ్చిన్రో మీకు తెల్సు గదమ్మా," అన్నాడు ఆయన, పెన్ను మూత తీస్తూ పెడుతూ. "సేటు పొద్దున ఫోన్ చేసిండు. చదువు చెప్పుమన్నం గని కాంట చెప్పుమన్లే అన్నడు."

"సార్, అది సర్కారు సైటే. సిలబస్‌లోని ధర పాఠానికి..."

"నాకు తెల్సు. చార్టు తీసెయ్యమని నేను అంటలేను. గా ఒక్క పేరు మీద తెల్లకాయితం అంటియ్యుండ్రి. పిల్లలకు పరీక్షలు దగ్గరవడ్డయ్, ఇప్పుడు లొల్లెందుకు?" ఆయన కిటికీవైపు చూశాడు. "జూన్ల మీ పేరు నేనే రాయాలె. నా చెయ్యి ఆగొద్దు, గదే నా బాధ."

భాగ్య క్లాసుకు తిరిగి వచ్చి, నోట్సు కాయితం ఒకటి కొలిచి మడిచి చించి, గమ్ము రాసి ఆ ఆఖరి వరస మీద అంటించింది. అంచులు లేవకుండా గోటితో నొక్కింది.  ఎర్ర స్కెచ్ అక్షరాలు తెల్లకాయితం కిందినుంచి లేతగా కనబడుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం యుగేందర్ తన మొబైల్ రిపేరు దుకాణం పెందలాడే మూసి వచ్చాడు. చెప్పులు విప్పుతూ వాకిట్లోనే నిలబడిపోయాడు.

"సేటు వచ్చిండు మడిగెకు," అన్నాడు.

మడిగె సోమనర్సయ్యదే. ఆ వరసలో షెటర్లున్న గదులన్నీ ఆయనవే.

"ఏమన్నడు?"

"ఏమన్లే. ఫోన్‌కు గ్లాసు ఏపిచ్చుకున్నడు. చాయ్ తెప్పిస్తె తాగిండు. నిమ్మళంగ కూసొని చెప్పిండు. 'తమ్మీ, సోమారం పొద్దుగాల్ల మీ ఇంటామెను కాంట కాడికి తోల్కరా. నలుగురి ముందట ఒక్క మాట చెప్తే సాలు. ఫోన్ల వచ్చే ధరలు పిల్లల చదువుకే గని నిజం ధరలు గావు అని. గామె మాట చెప్పుడు, నేను యోహాను బస్తాలు కాంట పెట్టుడు, ఒక్కపారే అయిపోతది' అన్నడు."

"చెప్పకపోతే?"

"నేను గూడ గదే అడుగుదామనుకున్న, నోరు రాలే." యుగేందర్ గోడకు ఆనుకున్నాడు. "పోయేటప్పుడు షెటర్ మీద చెయ్యేసి, 'ఇది బాగ మోగుతుంది, నూనె పెట్టియ్యాలె. ఎవ్వరికిచ్చినా మడిగె మడిగెనే, మాటినేటోళ్లకిస్తే మనిషికి సుఖం' అన్నడు."

ఉప్పలమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. భాగ్య ఏదో అనబోయింది. అంతలో ఆమె ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"హలో?"

"మిరపకాయ మేడమేనా?" మగగొంతు, గట్టిగా, వెనక ఏదో మోటారు చప్పుడు. "నీతోని పనుండె..."

భాగ్య కట్ చేసింది.  రెండు నిమిషాలకు మళ్లీ మోగింది. ఈసారి వేరే నంబరు. దాన్ని మోగనిచ్చింది. అది ఆగి, ఇంకొకటి మొదలైంది.

"ఎవ్వలు?" అన్నాడు యుగేందర్.

"తెల్వది."  "మిరపకాయ మేడం అంటుండ్రు."

 యుగేందర్ పోయి తలుపు గడియ పెట్టి వచ్చాడు. ఇంకా చీకటైనా పడలేదు.

శుక్రవారం కాలేజీ అయ్యాక భాగ్య యోహాను కల్లం దగ్గరికి నడిచిపోయింది. ఆకాశం పొద్దుటినుంచీ మబ్బుగానే ఉంది. చేను అంచున చదును చేసిన నేల మీద మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఒక పక్కన నింపిన బస్తాలు వరసగా నిలబెట్టి, మీద పట్టా కప్పి, అంచులకు రాళ్లు పెట్టారు. సేటు వెనక్కి పంపినవి అవే.

యోహాను భార్య సారమ్మ గొంతుక్కూర్చుని తాలు కాయలు ఏరుతున్నది. ఘాటుకు తుమ్మినప్పుడల్లా కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నది. భాగ్యను చూసి లేవబోయింది.

"కూసో సారమ్మా." భాగ్య కూడా ఆమె పక్కన కూర్చుని ఒక గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది. ఎర్రటివి ఇటు, తెల్లబారినవి అటు. 

యోహాను పట్టా అంచు సర్దుతూ ఆకాశంవైపు చూశాడు. "చినుకు పడితే రంగు మారుతది మేడం. రంగు మారితె ఇగ తాలు ధరనే."

"ఖమ్మం తీస్కపోవచ్చు గదా?"

"ఈ నాలుగు బస్తాలకు బండి కిరాయి ఎవ్వలిస్తరు? పదిమంది కల్సి పోదాం రమ్మంటే, సేటుకు ఎదురుపోయినోడి బండి ఎవ్వడు ఎక్కుతడు?" అతను దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "మేడం, నేను చదువుకున్నోన్ని గాదు. మీరు తప్పు చెప్పిన్రో ఒప్పు చెప్పిన్రో నాకు తెల్వది. సోమారం సేటు చెప్పుమన్నట్టు చెప్పుండ్రి. నా బస్తాలు పోతే సాలు. బిడ్డ మొన్నటి సంది అన్నం తింటలేదు."

గుడిసె గుమ్మంలో మనీషా నిలబడి ఉంది. లోపలికి పోలేదు, బయటికి రాలేదు.

"ఇటు రా మనీషా," అంది భాగ్య.

ఆ పిల్ల వచ్చి నిలబడింది. "నేను తప్పు చదివిన్నా మేడం?"

భాగ్య ఫోన్ తెరిచి ఆ సైటు తీసింది. మూడో గడి మీద వేలు పెట్టింది. "నువ్వు చదివింది రెండోది. అది అన్నిటికంటే ఎక్కువ పలికినది, ఎవరో ఒకరికి. చూడాల్సింది ఇది. మార్కెట్‌కు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఏ ధర పడ్డదో అది. దీన్నే బాహుళకం అంటరు."

మనీషా కింద కూర్చుని తల్లి ఏరిన కుప్పలవైపు చూసింది. "అంటే, గిందుల బాగ పెద్ద కాయ ఎంత పొడుగున్నది అని గాదు. ఎక్కువ కాయలు ఎంత పొడుగున్నయి అని."

"అదే."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే మేడం?"

ఆ పిల్ల నిష్టూరంగా అనలేదు. నిజంగానే అడిగింది. 

"సోమారం ఎంతకు కొంటనని సేటు నీకు చెవిలో చెప్పిండు?" యోహానును అడిగింది, మాట మారుస్తూ.

యోహాను చుట్టూ చూశాడు. చేనులో ఎవరూ లేరు. అయినా వంగి, ఆమెకు వినబడీ వినబడనట్టు చెప్పాడు. భాగ్య ఫోన్‌లోని అంకెలవైపు చూసింది. మూడో గడి అంకె మనీషా చదివినదానికంటే బాగా తక్కువే. కానీ సేటు చెప్పిన ధర దాని దరిదాపుల్లో కూడా లేదు. బండి కిరాయి తీసేసినా, హమాలీ తీసేసినా, బస్తాకింతని తరుగు తీసేసినా లేదు. అది మొదటి గడికి, మార్కెట్‌లో తాలు కాయకు పడ్డ ధరకు, కాస్త పైన ఉంది. సారమ్మ ముందున్న కుప్పలో తాలు కాయలు పావు వంతు కూడా లేవు.

ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? సోమవారం తను పోయి ఇదంతా అబద్ధమని చెప్పాలి. చెబితే ఈ బస్తాలు ఇక్కడినుంచి లేస్తాయి. తన భర్త మడిగె ఉంటుంది. జూన్‌లో తన పేరు ఉంటుంది. అందరూ తన నోటివైపే చూస్తున్నారు.

సంచిలో ఫోన్ మోగింది. తెలియని నంబరు. ముగ్గురూ ఆమెను చూశారు. భాగ్య ఎత్తలేదు. చేను గట్టు దాటేదాకా అది మోగుతూనే ఉంది.

శనివారం ఫోన్ ఇంట్లోనే వదిలి పోయింది. అల్మారాలో, చీరెల మడతల కింద పెట్టి తలుపు వేసింది. కాలేజీలో పుస్తకం వరస తప్పించి బాహుళకం పాఠం చెప్పింది. అందరి చెప్పుల సైజులు అడిగి బోర్డు మీద వేసి, ఏ అంకె ఎక్కువసార్లు వచ్చిందో గీత గీసి చూపించింది. ధరల మాట ఎత్తలేదు. పిల్లలు మాత్రం బోర్డునొకసారి, గోడ మీది తెల్లకాయితాన్నొకసారి చూశారు.

ఇంటికి తిరిగి వస్తుంటే ఒక బైకు ఆమె పక్కన నెమ్మదించింది. నడిపేవాడు ముఖానికి దస్తీ కట్టుకున్నాడు. ఏదో అనబోయి, వెనక లారీ హారను కొట్టేసరికి ముందుకు పోయాడు. భాగ్య దగ్గరున్న కిరాణా కొట్టులోకి పోయి, అక్కర్లేని అగ్గిపెట్టె కొని, బైకు కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడింది.

"నాలుగు రోజులు ఘన్‌పూర్ పోయొస్త," అంది ఇంటికి వచ్చి. స్టేషన్ ఘన్‌పూర్ ఆమె పుట్టిల్లు. "మానుకోటల రైలెక్కితే ఎంతసేపు."

"సోమారం ఉన్నది గదా." యుగేందర్ ఆమె కళ్లలోకి చూడలేదు. "ఒక్క మాటనే భాగ్యా. చదువుకే గని నిజం గావు. అంతే. నీ ముల్లె ఏం పోతది? ఎవ్వరి కడుపు కొట్టమంటుండా?"

"గదే అంటుండు."

"యోహానే నిన్ను చెప్పమంటుండె గదా!"

 భాగ్య బియ్యం కడుగుతూ సేటు చెప్పమన్న మాటను మనసులో కూడబలుక్కుంది. ఫోన్ల వచ్చే ధరలు నిజం గావు. మరోసారి. నిజం గావు. తరగతిలో ఎన్నిసార్లు ఎన్ని కష్టమైన నిర్వచనాలు ఒప్పజెప్పిందో, ఈ ఒక్క మాట నాలుక మీద నిలవడం లేదు. ఉప్పలమ్మ గుమ్మంలో నిలబడి కోడలి పెదాలు కదలడం చూసింది. ఏదో చెప్పాలన్నట్టు ఒక అడుగు వేసి, కొడుకు అక్కడే ఉండడం చూసి వెనక్కి తిరిగింది.

ఆదివారం పొద్దున మబ్బు ఇంకా దట్టమైంది. గాలిలో తడి వాసన. యుగేందర్ కోడికూర తెచ్చాడు, ఇల్లు మామూలుగానే ఉందని తనకు తాను చెప్పుకోవడానికన్నట్టు. మధ్యాహ్నం ముగ్గురూ కింద కూర్చున్నారు. ఉప్పలమ్మ కూర వడ్డించింది. మొదటి ముద్ద కలుపుతుండగా అల్మారాలో ఫోన్ మోగింది.

భాగ్య చెయ్యి ఆగిపోయింది. యుగేందర్ తలుపువైపు చూశాడు, గడియ పెట్టి ఉందా అని.

ఉప్పలమ్మ లేచింది. చెయ్యి కడుక్కుని కొంగుకు తుడుచుకుని, అల్మారా తెరిచి, చీరెల కిందికి తడబడకుండా చెయ్యి పోనిచ్చి ఫోన్ తీసింది.

"అత్తమ్మా, ఎత్తకు!"

"ఆఁ, చెప్పు బిడ్డా," అంది ఉప్పలమ్మ ఫోన్‌లో. "గంగారం నుంచేనా? నిన్న చేసినవ్ గద, గుర్తువట్టిన. ఇయ్యాల ఐతారం, మార్కెట్ బందు. నిన్నటిదే చెప్త. ఆగు, చూడనీ." ఫోన్‌ను చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి, వేలితో రెండుచోట్ల నొక్కి, ఒక అంకె చదివింది. "రాసుకున్నవా? మంచిది. తుల్సీబాయి, పట్టా కప్పుకో, మబ్బున్నది."

ఫోన్ పెట్టేసి తిరిగి వచ్చి కూర్చుంది. ఇద్దరూ తననే చూస్తుంటే, "ఏంది గట్ల చూస్తరు? అన్నం తినుండ్రి" అంది.

"ఎవ్వరది?"

"రైతులు. ఇంకెవ్వరు?" ఉప్పలమ్మ చారు పోసుకుంది. "నిన్న పొద్దట్నుంచి చీరెల కింద మోగుతనే ఉండె. గింతమంది నిన్ను బెదిరియ్యనీకె పనులిడిసి కూసుంటరా అనిపిచ్చింది. ఎత్తిన. మిరపకాయ మేడం, ఇయ్యాల ధరెంత, గంతే. భూపాలపల్లి అవుతల నుంచి ఒకామె చేసింది. చార్టు ఫొటో ఎవ్వలో పిల్లలు ఫోన్ల పెట్టిన్రట, గాడికెళ్లి గీడికి తిరిగి ఆమె కాడికి పోయిందట. కింద నీ నంబరున్నదట."

"రోడ్డు మీద నిన్న ఒగడు బైకు ఆపిండు..."

"గాడు గూడ ధర కోసమే కావొచ్చు. నన్ను చూసి ఎవ్వరన్న పారిపోతే నేను గూడ ఆపి అడగను."

యుగేందర్ గట్టిగా నవ్వేశాడు. మూడు రోజుల తర్వాత మొదటిసారి. భాగ్యకు మాత్రం నవ్వు రాలేదు.  

"అత్తమ్మా, వాళ్లకు ఏం చెప్తున్నవ్? ఏది చదువుతున్నవ్?"

"రోజు పొద్దుగాల్ల నువ్వు నొక్కుతుంటే చూస్తలేనా? మిరపకాయ బొమ్మ నొక్కుత. మూడు నంబర్లొస్తయ్. ఇంగ్లీషు రాకున్నా నంబర్లు రావా నాకు?" ఉప్పలమ్మ గొంతులో కొంచెం గర్వం. "పెద్దదే చెప్తున్న. రైతుకు పెద్దదే గదా గావాలె."

"అందరికీ?"

"అందరికీ. ఎవ్వలకు తక్కువ చెప్పలే."

"మనూరోళ్లు గూడ చేసిండ్రా?"

"చెయ్యకేం? ఎల్లేశ్ చేసిండు, గా చెరువుకింద మడున్నోడు. రేపు పదిమందిమి ఒక్కటే మాట మీద కాంట కాడికి పోతున్నం, గీ ధరే అడుగుతం అన్నడు. శబాష్ అన్న."

భాగ్య కంచంలోకి చూసింది. రేపు పొద్దున పదిమంది రైతులు సేటు ముందు నిలబడి రెండో గడిలోని అంకె అడుగుతారు. సేటు నవ్వుతాడు. ఏ బస్తాకు పడ్డదో ఆ బస్తాను తెమ్మంటాడు. ఈసారి నవ్వడానికి ఆయనకు హక్కు కూడా ఉంటుంది. పదిమంది బస్తాలూ మబ్బు కింద కల్లాల్లోకి తిరిగిపోతాయి. ఇంకెప్పుడూ ఎవరూ ఆ ఫోన్‌లోని అంకెను నమ్మరు. ఆమె పోకుండా ఉండిపోయినా అదే జరుగుతుంది. పోయి సేటు చెప్పమన్నది చెప్పినా అదే జరుగుతుంది.

"పెద్దది గాదు అత్తమ్మా, మూడోది," అంది.  "పెద్దది ఒక్కరికి పడ్డది. మూడోది ఎక్కువమందికి పడ్డది."

ఉప్పలమ్మ చేతిలో ముద్ద అట్లాగే ఉంది. "అయితే నేను గింతమందికి తప్పు చెప్పిన్నా?"

"ఇగ మంచిదే అయింది," అన్నాడు యుగేందర్, ముందుకు వంగి. "రేపు పోతవ్, అదంతా నిజం గాదంటవ్. ఎల్లేశ్ వాళ్లు గూడ ఊకుంటరు. ఎవ్వలకు నష్టం లేదు."

 బయట గాలికి రేకు ఒకటి టపటపలాడింది.

"రేపు కాంట కాడికి పోత," అంది భాగ్య.

యుగేందర్ ఊపిరి వదిలి, కూర గిన్నె ఆమె వైపు జరిపాడు.

"పోయి, పెద్ద నంబరు అడగొద్దని చెప్త. అది అందరికి పడేది గాదు, నేను పిల్లలకు సగమే చెప్పిన, తప్పు నాది అని చెప్త. సేటు ముందటనే. ఆ ఎన్కనే మూడోది చదువుత. బస్తాలు కాంట ఎక్కకముందే, అందరికి ఇనపడేటట్టు."

గిన్నె మీదున్న యుగేందర్ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"మడిగె పోతది భాగ్యా."

"పోవచ్చు."

"జూన్ల పిలువరు."

"పిలువకపోవచ్చు. భయం లేదంటలేను నేను." ఆమె కుడిచెయ్యి ఎత్తి చూపించింది. వేళ్ల మధ్యనుంచి మెతుకులు వణికి కంచంలో రాలుతున్నాయి. "ఇగో. రేపు గూడ గిట్లనే వణుకుతది. చదువనీకె చెయ్యి అక్కర్లేదు గదా."

 ఉప్పలమ్మ మెల్లగా అడిగింది. "మరి గా పెద్ద నంబరు ఊరందరికి చెప్పింది నేనని గూడ చెప్తవా ఆడ?"

"చెప్పను," అంది భాగ్య. "మూడోది వదిలెయ్యమన్నది నేను. నా పేరు మీదనే పోనీ."